సూర్యుడు సెలవు పెట్టే ఊరు

చలికాలం వచ్చిందంటే మనకు విసుగే. పొద్దున్నే దుప్పటి వదల బుద్ధి కాదు. బడికి బయలుదేరే వేళకు వీధి చివర కనిపించకుండా పొగమంచు కమ్ముకుని ఉంటుంది. సాయంత్రం ఆట మంచి పట్టులో ఉండగానే "చీకటి పడింది, ఇక రండిరా!" అని ఇంట్లోంచి కేక వినిపిస్తుంది. ఈ చలి ఎప్పుడు పోతుందా అనుకుంటాం.

నిజానికి మన చలికాలపు పగలు ఎంత? డిసెంబరు 21, 22 తేదీల్లో సంవత్సరం మొత్తంమీద అతి చిన్న పగలు వస్తుంది. ఆ రోజున కూడా విజయవాడలోగాని, హైదరాబాదులోగాని సూర్యుడు సుమారు 11 గంటలసేపు ఆకాశంలో ఉంటాడు. 11 గంటల ఎండ ఉండి కూడా మనం గొణుక్కుంటున్నామన్నమాట!

ఇప్పుడొక ఊరి సంగతి వినండి. అక్కడ నవంబరు నెలాఖరున సూర్యుడు అస్తమిస్తే, మళ్ళీ జనవరి నడుమ దాకా ఉదయించడు. దాదాపు ఏడు వారాలు! ఆ ఊరి పేరు ట్రోమ్సో. నార్వే దేశానికి ఉత్తరపు కొసన ఉంది. అదేదో పదిళ్ళ పల్లె కాదు. డెబ్బై వేలకు పైగా జనం ఉన్న పట్టణం. అక్కడ విశ్వవిద్యాలయం ఉంది, పెద్దాసుపత్రి ఉంది, విమానాశ్రయం ఉంది. ఆ ఏడు వారాలూ బడులు మూసెయ్యరు. పిల్లలు చీకట్లోనే బడికి వెళతారు, చీకట్లోనే ఇంటికి వస్తారు.

మరి అక్కడివాళ్ళు ఆ కాలాన్ని ఎలా గడుపుతారు? ఆ చీకటివల్ల, చలివల్ల కీడేనా, మేలు కూడా ఏమైనా ఉందా? చూద్దాం.

సూర్యుడు ఎందుకు రాడు?

చలికాలంలో భూమి సూర్యుడికి దూరంగా జరుగుతుందని, అందుకే చలి వేస్తుందని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. అసలు భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలోనే! అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులైలో అది 15.2 కోట్ల కిలోమీటర్లు ఉంటుంది. కాబట్టి చలికి కారణం దూరం కాదు, వాలు.

ఒక బత్తాయిని తీసుకుని నడిమధ్యగా ఒక చీపురుపుల్ల గుచ్చండి. అదే భూమి అక్షం. చీకటి గదిలో బల్లమీద ఒక దీపం పెట్టండి. అది సూర్యుడు. పుల్లను నిట్టనిలువుగా కాక కాస్త వాల్చి పట్టుకోండి. నిజమైన భూమి వాలు 23½ డిగ్రీలు. పుల్ల పైకొస దీపానికి ఎదురుదిక్కుగా వాలేట్టు పట్టుకుని బత్తాయిని నెమ్మదిగా తిప్పండి. బత్తాయి పైభాగంలో, పుల్ల చుట్టూ ఉన్న కొంత మేర ఎంత తిప్పినా వెలుగులోకి రాదు. ఉత్తరార్ధగోళంలో డిసెంబరులో జరిగేది అదే.

వెలుగు చేరని ఆ మేర ఎక్కడ మొదలవుతుంది? చిన్న లెక్క. 90లోనుంచి 23½ తీసివేయండి. 66½ వస్తుంది. ఆ అక్షాంశ రేఖనే ఆర్కిటిక్ వలయం అంటారు. అక్కడినుంచి ఉత్తరానికి పోయినకొద్దీ సూర్యుడు లేని రోజులు పెరుగుతూపోతాయి. ట్రోమ్సో ఆ వలయానికి సుమారు 340 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. ఉత్తర ధ్రువం దగ్గరికి పోతే ఆరునెలలపాటు సూర్యుడు కనిపించడు.

ఇందుకు బదులు కూడా ఉంది. బత్తాయి పైకొసను దీపం వైపు వాల్చి తిప్పండి. ఇందాక చీకట్లో ఉన్న భాగమే ఇప్పుడు వెలుగులోంచి బయటికి పోదు. ట్రోమ్సోలో మే 20 మొదలు జులై 22 దాకా సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి కూడా ఎండే! ఏడాది మొత్తానికి లెక్క చూస్తే భూమిమీద ఏ ఊరివాళ్ళకైనా సూర్యుడు దాదాపు సగకాలం ఆకాశంలో ఉంటాడు. మనకు రోజూ కొంచెం కొంచెంగా పంచి ఇస్తాడు, వాళ్ళకు మొత్తంగా ఒకేసారి ఇచ్చి, ఒకేసారి తీసుకుంటాడు.

నీలి పగళ్ళు

ఏడు వారాలూ ట్రోమ్సోలో కారుచీకటి ఉంటుందనుకోకండి. డిసెంబరు 21న అక్కడ మధ్యాహ్నం 12 గంటల వేళకు సూర్యుడు దిగంతానికి కేవలం 3 డిగ్రీలు కిందనే ఉంటాడు. అంటే మన ఊళ్ళో సూర్యుడు అస్తమించిన సుమారు పది నిమిషాలకు ఎంత వెలుగుంటుందో, అంత వెలుగన్నమాట. అలాంటి సందెవెలుగు మధ్యాహ్నం కొన్ని గంటలపాటు నిలిచి ఉంటుంది. దక్షిణాన ఆకాశం అంచున గులాబీ రంగు, మిగతా అంతటా చిక్కటి నీలం.

ఆ నీలం ఎక్కడిది? పగటి ఆకాశం నీలంగా ఉండటానికి గాలి అణువులు నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టడమే కారణమని మీరు చదువుకున్నారు. సందెవేళ దీనికి ఇంకొక కారణం తోడవుతుంది. అప్పుడు సూర్యకాంతి బాగా ఏటవాలుగా వస్తూ పై వాతావరణంలోని ఓజోన్ పొరలో చాలా దూరం ప్రయాణం చేస్తుంది. ఓజోన్ నారింజ, పసుపు రంగుల కాంతిని కొంత మింగేస్తుంది. మిగిలినది నీలం. ఓజోన్ పొర అతినీలలోహిత కిరణాలను అడ్డుకుని మనల్ని కాపాడుతుందని మనకు తెలుసు. సాయంత్రపు ఆకాశానికి రంగు వేసేది కూడా అదేనని చాలామందికి తెలియదు.

నేలమీద మంచు ఆ కొద్ది వెలుగును కూడా వృథా పోనివ్వదు. కొత్తగా కురిసిన మంచు తనమీద పడిన కాంతిలో నూటికి 80 పాళ్ళకు పైగా తిరిగి పంపేస్తుంది. చంద్రుడు కూడా సాయం చేస్తాడు. పున్నమినాడు చంద్రుడు ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు గదా! కనుక సూర్యుడు ఎంత కిందికి దిగితే పున్నమి చంద్రుడు అంత పైకి ఎక్కుతాడు. కొన్ని సంవత్సరాల్లోనైతే చలికాలపు పున్నమి చంద్రుడు ట్రోమ్సోలో రోజుల తరబడి అస్తమించకుండా ఆకాశంలోనే తిరుగుతుంటాడు.

చలి సంగతి కూడా మనం ఊహించుకున్నంత కాదు. జనవరిలో ట్రోమ్సో సగటు ఉష్ణోగ్రత సున్నాకు మూడు నాలుగు డిగ్రీలే దిగువ. అట్లాంటిక్ సముద్రంలో దక్షిణాన్నుంచి వచ్చే వెచ్చని నీటి ప్రవాహం నార్వే తీరాన్ని ఒరుసుకుంటూ పోతుంది. అందువల్ల అక్కడి రేవు చలికాలంలో కూడా గడ్డకట్టదు. అదే అక్షాంశంలో సైబీరియాలో నలభై డిగ్రీల దిగువకు పడిపోయే చోట్లున్నాయి.

చీకటి ఉంటేనే కనిపించే తెర

ఈ చీకటి కాలంలో ట్రోమ్సో ఆకాశంలో ఒక వింత కనిపిస్తుంది. ఉన్నట్టుండి ఒక ఆకుపచ్చని వెలుగు చార లేస్తుంది. గాలికి ఊగే పరదాలా మెలికలు తిరుగుతుంది. ఒక్కోసారి అంచున ఎరుపో ఊదానో మెరుస్తుంది. దీన్నే ధ్రువకాంతి అంటారు.

ఇది మెరుపూ కాదు, మబ్బూ కాదు. సూర్యుడినుంచి విద్యుదావేశం ఉన్న కణాలు నిత్యం బయటికి వీస్తూ ఉంటాయి. భూమి ఒక పెద్ద అయస్కాంతం కదా. ఆ అయస్కాంత క్షేత్రం ఈ కణాలలో కొన్నిటిని ధ్రువప్రాంతాల వైపు మళ్ళిస్తుంది. సుమారు 100 కిలోమీటర్లు, అంతకు పైన ఎత్తున అవి గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్‌లను ఢీకొంటాయి. దెబ్బతిన్న అణువులు తాము పొందిన శక్తిని వెలుగుగా విడిచిపెడతాయి. ఆకుపచ్చ వెలుగు ఆక్సిజన్ ఇచ్చేది. బాగా ఎత్తున కనిపించే ఎరుపు కూడా ఆక్సిజన్‌దే.

దీని రహస్యం ఛేదించడానికి మంచులో కష్టాలుపడ్డ శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ బిర్కెలాండ్. 1899–1900 చలికాలంలో ఆయన ఉత్తర నార్వేలోని హాల్డె పర్వత శిఖరంమీద పరిశోధనశాల పెట్టి, గాలివానల మధ్య ధ్రువకాంతిని పరిశీలించాడు. తరువాత ప్రయోగశాలలో గాలి తీసేసిన గాజుపెట్టెలో ఒక అయస్కాంత గోళాన్ని ఉంచి, దానిమీదికి ఎలక్ట్రాన్లను వదిలాడు. గోళం ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు ఏర్పడ్డాయి. ఆకాశంలో జరిగే తంతును బల్లమీద చూపించాడన్నమాట.

వేసవిలో కూడా ఆ కణాలు వస్తూనే ఉంటాయి. కాని అర్ధరాత్రి సూర్యుడి వెలుగులో ధ్రువకాంతి ఎవరికీ కనిపించదు. అది కనిపించాలంటే చీకటి కావాలి. చీకటి కాలంలో దాన్ని చూడటానికే ఇప్పుడు ఎన్నో దేశాలనుంచి జనం ట్రోమ్సో వస్తుంటారు.

ఉప్పు లేని ఎండుచేప

మన కోస్తా ఊళ్ళలో చేపలకు ఉప్పు పట్టించి ఎండబెట్టడం మీరు చూసే ఉంటారు. ఎండా ఉప్పూ కలిసి చేపలోని నీటిని లాగేస్తాయి. నీరు లేకపోతే సూక్ష్మజీవులు పెరగవు, చేప కుళ్ళదు. మరి ఎండే లేని దేశంలో ఎలా?

ట్రోమ్సోకు నైరుతిగా లోఫోటెన్ అనే దీవులున్నాయి. ఏటా జనవరినుంచి ఏప్రిల్ దాకా కాడ్ అనే చేపలు బారెంట్స్ సముద్రంనుంచి గుంపులు గుంపులుగా వచ్చి అక్కడ గుడ్లు పెడతాయి. జాలరులకు అదే పంటకాలం. పట్టిన చేపలను శుభ్రంచేసి, తలలు తీసి, తోకలు జతలుగా కట్టి, ఎత్తయిన కర్రల పందిళ్ళమీద వేలాడదీస్తారు. ఉప్పు వెయ్యరు, పొగ పెట్టరు. ఫిబ్రవరినుంచి మే దాకా చల్లటి గాలికి వదిలేస్తారు, అంతే!

ఇక్కడ పనిచేసేది చలి. ఉష్ణోగ్రత సున్నాకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఇంకా వేడిగా ఉంటే సూక్ష్మజీవులు, ఈగలు చేపను పాడుచేస్తాయి. ఇంకా చల్లగా ఉంటే లోపలి నీరు గడ్డకట్టి కండను చీల్చేస్తుంది. ఈ రెంటికీ మధ్య, గాలి వీచే తీరాన, చేప నెమ్మదిగా ఎండిపోతుంది. నాలుగైదు కిలోల చేప చివరికి ఒక కిలో అవుతుంది. కట్టెలా గట్టిపడుతుంది. ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. 1432లో పియెత్రో క్వెరీని అనే వెనిస్ నావికుడు ఓడ పగిలి ఆ దీవులకు కొట్టుకువచ్చాడు. అక్కడి జాలరులు ఆదరించి ప్రాణం నిలిపారు. అతడు తిరిగి వెళుతూ ఈ ఎండుచేపను వెంట తీసుకుపోయాడు. ఈనాటికీ ఇటలీవాళ్ళు దాన్ని కొంటూనే ఉన్నారు. చలి ఇచ్చిన పంట అది.

మంచు కప్పిన దుప్పటి

మంచు చల్లగా ఉంటుంది గదా, అది దుప్పటి ఎలా అవుతుంది? దూదిని చూడండి. దూది తనంత తానుగా వేడి పుట్టించదు. దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని బయటికి పోనివ్వదు. కొత్తగా కురిసిన మంచులో కూడా పదింట తొమ్మిది పాళ్ళు గాలే. పైన గాలి సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఉన్నా, అరమీటరు మందం మంచు కింద నేల సున్నా దగ్గరే ఉంటుంది. ఆ సందులో ఎలుకజాతి జంతువులు సొరంగాలు చేసుకుని చలికాలమంతా తిరుగుతాయి. మొక్కల వేళ్ళు చావకుండా ఉంటాయి.

ఒక మందపాటి దుప్పటికంటే రెండు పలచటి దుప్పట్లు వెచ్చగా ఉండటానికి కారణం కూడా ఇదే. రెంటి మధ్య ఒక గాలిపొర ఎక్కువ! నార్వేవాళ్ళు చలికి ఒకటే లావుపాటి కోటు వేసుకోరు. లోపల పలచటి ఉన్ని, దానిమీద ఇంకొకటి, పైన గాలి చొరని చొక్కా – ఇలా పొరలు పొరలుగా వేసుకుంటారు. "చెడ్డ వాతావరణం లేదు, చెడ్డ బట్టలే ఉన్నాయి" అని వాళ్ళలో ఒక సామెత ఉంది. వాళ్ళ భాషలో వాతావరణానికి వేర్, బట్టలకు క్లేర్. ప్రాస కుదిరింది గనుక పసిపిల్లలకు కూడా నోటికి వస్తుంది.

ఆ చీకట్లో జంతువులు ఎలా చూస్తాయి? రాత్రిపూట లారీ దీపాల వెలుగులో ఆవు కళ్ళు మెరవడం మీరు చూసి ఉంటారు. కంటి వెనక అద్దంలాంటి పొర ఉండటమే దానికి కారణం. రెయిన్‌డీర్ అనే ఉత్తరదేశపు జింకలకు కూడా ఆ పొర ఉంది. వేసవిలో అది బంగారు రంగులో ఉంటుంది. చలికాలంలో ముదురు నీలంగా మారిపోతుంది! బ్రిటన్, నార్వే శాస్త్రజ్ఞులు 2013లో ఈ సంగతి వెల్లడించారు. చీకట్లో కంటిపాప నెలల తరబడి విప్పారి ఉండటంవల్ల కంటిలో ఒత్తిడి పెరిగి, ఆ పొరలోని పోగులు దగ్గర దగ్గరగా సర్దుకుంటాయి. దాంతో అది నీలికాంతిని వెనక్కి పంపుతుంది. కంటిలోకి వచ్చిన కొద్ది వెలుగూ లోపలే చెదిరి, చూపుకు ఎక్కువగా అందుతుంది. ఆ రోజుల్లో అక్కడ ఉండేది నీలి వెలుగే అని మరచిపోకండి.

మనసుకు మబ్బు పడితే

ఇంతవరకూ మేళ్ళే చెప్పుకున్నాం. చీకటి అందరికీ హాయి అనుకుంటే అది అబద్ధమే అవుతుంది. మన మెదడులో ఒక గడియారం ఉంది. కంటిలో పడే పొద్దుటి వెలుగు దాన్ని రోజూ సరిచేస్తుంది. చీకటి పడితే మెలటోనిన్ అనే రసాయనం ఊరి నిద్ర తెస్తుంది. పొద్దుటి వెలుగే లేకపోతే ఈ గడియారం వెనకబడుతుంది. రాత్రి నిద్ర పట్టదు, పగలు మత్తు వదలదు. కొందరికి దిగులు పట్టుకుంటుంది. చలికాలంలో వచ్చి వేసవిలో పోయే ఈ దిగులును 1984లో అమెరికాలో నార్మన్ రోజెంతాల్, ఆయన తోటి వైద్యులు ఒక రుగ్మతగా గుర్తించి వివరించారు. వెలుగుతో వైద్యం చేశారు. అలాంటివారు పొద్దున్నే 10,000 లక్సుల వెలుగిచ్చే దీపం ముందు అరగంట కూర్చుంటారు. మామూలు గదిలో దీపం వెలుగు కొన్ని వందల లక్సులే.

ఎండ లేకపోతే ఇంకొక చిక్కు. మన చర్మం ఎండలో విటమిన్ డి తయారుచేసుకుంటుంది. అది లేకపోతే పిల్లల ఎముకలు వంకరపోతాయి. నార్వేలో తల్లులు పిల్లలకు రోజూ ఒక చెంచా కాడ్ చేప కాలేయపు నూనె తాగిస్తారు. పేరులో 'ర' ఉన్న నెలలన్నిటా తాగాలని ఒక లెక్క. సెప్టెంబర్‌నుంచి ఏప్రిల్ దాకా వాళ్ళ భాషలో ప్రతి నెల పేరులోనూ ఆ అక్షరం ఉంది! ఎండ తీసుకుపోయినదాన్ని సముద్రం తిరిగి ఇస్తుందన్నమాట.

కారి లైబోవిట్జ్ అనే అమెరికన్ మనోవిజ్ఞాన పరిశోధకురాలు 2014–15లో ట్రోమ్సోలో ఉండి ఒక సంగతి గమనించింది. "ఈ చీకట్లో మీకు దిగులెందుకు లేదు?" అన్న ప్రశ్నతో వెళితే, అక్కడివాళ్ళలో చాలామంది "ఎందుకుండాలి?" అని ఎదురు అడిగేట్టున్నారు! స్కీ బల్లలమీద జారటానికి దారుల పొడవునా దీపాలు పెట్టుకుంటారు. ఇళ్ళలో కొవ్వొత్తులు వెలిగించుకుని స్నేహితులను పిలుచుకుంటారు. వేసవిలో తీరికలేక వదిలేసిన పుస్తకాలు చదువుతారు. ఆమె, నార్వే శాస్త్రజ్ఞుడు యోవార్ విట్టెర్సో కలిసి దక్షిణ నార్వేలోనూ, ఉత్తర నార్వేలోనూ, ఇంకా ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లోనూ జనాన్ని ప్రశ్నించారు. 2020లో ఫలితాలు ప్రచురించారు. ఉత్తరానికి పోయినకొద్దీ, అంటే చీకటి ఎక్కువైనకొద్దీ, చలికాలాన్ని మంచిగా చూసేవారే ఎక్కువగా కనిపించారు. అలా చూసేవారు తమ జీవితంపట్ల ఎక్కువ తృప్తి కూడా చూపారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మంచిగా చూడటంవల్ల తృప్తి వచ్చిందా, తృప్తిగా ఉన్నవాళ్ళే మంచిగా చూస్తున్నారా? ఇలాంటి పరిశీలన ఒక్కటే దాన్ని తేల్చలేదు. రెండు విషయాలు జంటగా కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పకూడదు. కాని ఒకటి నిశ్చయం. అక్కడివాళ్ళు ఊరికే "అంతా మంచిదే" అనుకుంటూ కూర్చోలేదు. దీపాలు పెట్టుకున్నారు, తగిన బట్టలు కుట్టుకున్నారు, చేపనూనె తాగారు, బయటికి నడిచారు.

కొండమీద అద్దం

చేతనైన పని చేయడానికి ఇంకొక ఉదాహరణ దక్షిణ నార్వేలోని ర్యూకాన్. ఇది ఆర్కిటిక్ వలయానికి దక్షిణానే ఉంది. చలికాలంలో కూడా సూర్యుడు ఉదయిస్తాడు. కాని ఊరు ఇరుకైన లోయలో ఉంది. ఎత్తయిన కొండలు అడ్డువచ్చి సెప్టెంబరు చివరినుంచి మార్చి దాకా ఒక్క కిరణం కూడా ఊళ్ళో పడదు.

అలాంటి చోట ఊరెందుకు కట్టారు? అక్కడి జలపాతం కోసం. ధ్రువకాంతి పరిశోధకుడు బిర్కెలాండ్ గుర్తున్నాడా? ఆయన, సామ్ ఐడె అనే ఇంజనీరు కలిసి 1903లో విద్యుత్తు మెరుపుతో గాలిలోని నైట్రోజన్‌ను పట్టి ఎరువు చేసే పద్ధతి కనిపెట్టారు. దానికి విపరీతంగా విద్యుచ్ఛక్తి కావాలి. అందుకని ఐడె స్థాపించిన కంపెనీ ఆ జలపాతం దగ్గర విద్యుత్కేంద్రం, కర్మాగారం, ఊరు కట్టింది. కర్మాగారం నడిచింది, కాని కార్మికులకూ వాళ్ళ పిల్లలకూ ఎండ కరువైంది.

కొండమీద అద్దాలు పెట్టి ఎండను కిందికి దింపుదామన్న ఆలోచన 1913లోనే వచ్చింది. అప్పటికి అది సాధ్యం కాలేదు. బదులుగా 1928లో తీగలమీద నడిచే బండి వేశారు. ఎండ కావలసినవాళ్ళు అందులో కొండెక్కి వచ్చేవాళ్ళు. సరిగ్గా వందేళ్ళకు, 2013 అక్టోబరులో, ఊరికి 450 మీటర్ల ఎత్తున మూడు పెద్ద అద్దాలు నిలబెట్టారు. ఒక్కొక్కటి 17 చదరపు మీటర్లు. కంప్యూటరు వాటిని సూర్యుడి వెంట తిప్పుతుంది. వాటి వెలుగు ఊరి నడుమ చావడిలో సుమారు 600 చదరపు మీటర్ల మేర పడుతుంది. ప్రారంభం రోజున పిల్లలు, పెద్దలు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆ ఎండలో నిలబడ్డారు!

మీరూ ఒక చిన్న అద్దంతో ఎండను ఇంట్లో చీకటి మూలకు పంపి చూడండి. ఎవరి కళ్ళలోకీ కొట్టకండి, ప్రమాదం. అద్దాన్ని 1 డిగ్రీ తిప్పితే వెలుగు 2 డిగ్రీలు తిరుగుతుంది. అందుకే ర్యూకాన్ అద్దాలు సూర్యుడు కదిలినంత తిరగనక్కరలేదు, సుమారు అందులో సగం చాలు. ఎందుకో పరావర్తన సూత్రాలతో ఆలోచించండి.

చలి తగ్గిపోతే మంచిదేనా?

భూమి వేడెక్కుతోందని వింటున్నాం. చలి తగ్గితే ఉత్తరదేశాలవాళ్ళకు సుఖమే గదా అనిపిస్తుంది. అక్కడే ఉంది చిక్కు. 1979 తరువాత ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటుకంటే సుమారు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో ఒక అధ్యయనం తేల్చింది. మంచు కురవవలసిన రోజుల్లో అక్కడ వాన కురుస్తోంది. ఆ నీరు మంచుమీద పడి గట్టి గాజుపలకలా గడ్డకడుతుంది. రెయిన్‌డీర్లు మెత్తటి మంచును గిట్టలతో తవ్వి కింద ఉన్న పాచిలాంటి మేతను తింటాయి. గాజుపలకను తవ్వలేవు. రష్యాలోని యమాల్ ద్వీపకల్పంలో 2013 నవంబరులో ఇలా జరిగి 61,000 రెయిన్‌డీర్లు ఆకలితో చచ్చిపోయాయి. వాటినే నమ్ముకున్న నెనెత్స్ పశుకాపరుల కుటుంబాలు చితికిపోయాయి. దుప్పటి అనుకున్న మంచు తలుపుకు తాళం అయింది.

మన దేశంలోనూ ఇలాంటిది ఉంది. ఆపిల్ చెట్టు చలికాలంలో ఆకులు రాల్చి నిద్రపోతుంది. చాలా రకాలకు 7 డిగ్రీలకు తక్కువైన చలి వెయ్యి గంటలో, అంతకన్నా ఎక్కువో తగిలితేగాని వసంతంలో సరిగా పూత రాదు. చలికాలాలు వెచ్చబడుతుంటే హిమాచల్ ప్రదేశ్ రైతులు తోటలను కొండల మీదమీదికి తీసుకుపోవలసి వస్తోంది. మన పొలాల్లో శనగ పంట కూడా చలిపంటే. పూత కాయ అయ్యే రోజుల్లో ఎండ ముదిరితే దిగుబడి పడిపోతుంది. మనం ఎప్పుడు పోతుందా అని విసుక్కునే చలి, చేనుకు అవసరమన్నమాట.

సూర్యుడు వచ్చిన రోజు

ట్రోమ్సోలో జనవరి 21 పండుగరోజు. సూర్యుడు అంతకు కొద్దిరోజులు ముందే దిగంతానికి వచ్చినా, కొండల చాటునుంచి ఆ రోజుకు కనిపిస్తాడు. కొద్ది నిమిషాలే! ఆ రోజున బడుల్లో, ఇళ్ళలో సూర్యుడి పేరుతో తీపి బన్నులు చేసుకుని తింటారు. ఇంకా ఉత్తరాన స్వాల్‌బార్డ్‌లోని లాంగ్‌ఇయర్‌బ్యెన్ ఊరివాళ్ళయితే మార్చి 8 దాకా ఆగాలి. ఆ రోజున పాత ఆసుపత్రి మెట్లమీద మొదటి కిరణం పడుతుంది. పిల్లలందరూ ముందే వెళ్ళి ఆ మెట్ల దగ్గర నిలబడి ఎదురుచూస్తారు.

మనం కూడా సూర్యుడి తిరుగు ప్రయాణాన్ని కొలవవచ్చు. ఒక మీటరు పొడవున్న కర్రను చదును నేలమీద నిలువుగా పాతండి. డిసెంబరు 21న మధ్యాహ్నం 12 గంటల ప్రాంతంలో దాని నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడు కొలవండి. విజయవాడలో అది సుమారు 84 సెంటీమీటర్లు ఉంటుంది. జనవరి 21న మళ్ళీ కొలవండి. సుమారు 74 సెంటీమీటర్లకు తగ్గుతుంది. అదే రోజు ట్రోమ్సోలో అలాంటి కర్ర నీడ పదుల మీటర్లు పొడవుంటుంది. డిసెంబరు 21న అసలు నీడే ఉండదు. ఎందుకో మీకిప్పుడు తెలుసు.

ఇంకొక పని. మబ్బులు తక్కువగా ఉండే ఈ చలి రాత్రుల్లో ఆకాశం తేటగా ఉంటుంది. పుష్యమాసపు పున్నమినాడు దుప్పటి కప్పుకుని అర్ధరాత్రివేళ ఒక్కసారి బయటికి రండి. చంద్రుడు ఎక్కడున్నాడో చూడండి. దాదాపు నడినెత్తిమీద ఉంటాడు. మీ నీడ మీ కాళ్ళ దగ్గరే ఉంటుంది. వేసవిలో, జ్యేష్ఠ పున్నమినాడు మళ్ళీ చూసి, రెండు నీడల పొడవులూ మీ నోటుపుస్తకంలో రాసుకోండి. తేడా ఎంతో, ఎందుకో మీరే తేల్చండి.